భూకంపంలో ఊరంతా పడిపోతే జనాన్ని ఎక్కడ పెడతారు?

తిరుపతి వాసి:
2021 నవంబర్ వానలకు రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు కదా, మా పిన్ని వాళ్లు ఆ టెన్షన్‌లో మా ఇంటికొచ్చారు. ఇల్లు నిలబడింది కాబట్టి తిరిగి పోయారు. భూకంపానికి ఊరికి ఊరే పోతే ఎట్లా? లాతూర్, భుజ్‌లలో ఇళ్లు ఎవరు కట్టించారు? తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు సివిల్:
తమ్ముడూ, రెండు చోట్లా రెండు రకాలు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలో లాతూర్ జిల్లా కిల్లారి దగ్గర భూకంపం వచ్చినప్పుడు, మట్టితో పేర్చిన లావు రాతి గోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డాయి. బాగా పోయిన 50కి పైగా ఊళ్లను వేరే చోట కొత్తగా కట్టారు. అందులో నాకు అస్సలు మింగుడుపడనిది, ఇంటి సైజు పొలాన్ని బట్టి ఇవ్వడం. భూమి లేనివాళ్లకు 250 చదరపు అడుగులు, 7 హెక్టార్లు దాటినవాళ్లకు 750! ఇంట్లో ఎంతమంది ఉన్నారని కదా చూడాల్సింది? పైగా టౌన్ లేఅవుట్ లాగా వెడల్పు రోడ్లు వేసి ఇళ్లు దూరం దూరంగా పెట్టారు, పల్లెలో బతికేవాళ్లకు అది ఎట్లా కుదురుతుంది?
2001 జనవరి 26 భుజ్ భూకంపం తర్వాత గుజరాత్‌లో ఎక్కువమంది తమ ఇల్లు తామే కట్టుకున్నారు. సర్కారు డబ్బు విడతలుగా ఇచ్చింది, ఇంజనీరు చూసి సరే అంటేనే తర్వాతి విడత. మేస్త్రీలకు ట్రైనింగ్ కూడా ఇచ్చారు. నా ఓటు దీనికే.

రేణిగుంట అక్క:
సొంత స్థలం ఉన్నవాళ్లకు సరే, మాలాంటి అద్దె ఇళ్లవాళ్ల గతేంటి అన్నా?

చిత్తూరు సివిల్:
మంచి ప్రశ్న అక్కా. 1906 భూకంపం తర్వాత అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పార్కుల్లో 5,610 చిన్న చెక్క ఇళ్లు కట్టి, నెలకు 2 డాలర్ల అద్దె తీసుకుని, దాన్నే 50 డాలర్ల ఇంటి ధర కింద జమ చేసుకున్నారు. తర్వాత క్యాంపులు ఎత్తేసేటప్పుడు జనం ఆ ఇళ్లనే గుర్రబ్బండ్ల మీద తమ స్థలాలకు తోలుకుపోయారు. అద్దె కట్టేవాళ్లు ఇంటివాళ్లయ్యారు, నాకు తెలిసినంతలో ఇంత మంచి పద్ధతి ఇంకోటి లేదు.

చంద్రగిరి మాస్టారు:
జపాన్‌లో 1995 కోబే భూకంపం సంగతి కూడా చెప్పాలి. 48 వేల పైచిలుకు తాత్కాలిక ఇళ్లు కట్టారు, కానీ లాటరీ తీసి, ముసలివాళ్లకు ముందు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. అయితే ఇరుగుపొరుగు చెల్లాచెదురై, ఒంటరిగా చనిపోయి రోజుల తర్వాత గానీ ఎవరికీ తెలియని వృద్ధులు ఎందరో. 2011 సునామీ తర్వాత జపాన్‌లోనే కొన్ని ఊళ్లు ఒక వాడ వాళ్లను ఒకే చోట ఉంచాయి. బాబూ, మళ్లీ ఎప్పుడైనా మీ పిన్ని వాళ్లను క్యాంపుకు పంపిస్తే, వీధి మొత్తాన్ని ఒకే స్కూల్లో పెట్టమని ముందే అడగండి.