ఇంటికి కంప్యూటర్ కొనాలి, డెస్క్‌టాపా ల్యాప్‌టాపా?

అన్నలూ, అక్కలూ, కాస్త సలహా చెప్పండి. మాది కావలి. పాప ఈ ఏడు ఇంటర్ ఎంపీసీలో చేరుతోంది, బాబు ఎనిమిదో తరగతి. ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదంట, విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తోనే మామూలు సపోర్ట్ అయిపోయింది. వీడియో క్లాసులు, పీడీఎఫ్‌లు, రాత్రిపూట అందరం కలిసి ఒక సినిమా, అంతే మా వాడకం. గేమ్స్ వద్దు. బడ్జెట్ 45 వేలు.

నాకు డెస్క్‌టాపే నయమనిపిస్తోంది, పెద్ద స్క్రీన్ కళ్లకి హాయి, ఏదైనా పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. కానీ ఎండాకాలం కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, పోయినేడు అలాగే ఉన్నట్టుండి ఆగిపోయి పాప రాసుకున్న ప్రాజెక్ట్ మొత్తం పోయింది, పాపం రెండు రోజులు ఏడ్చింది. యూపీఎస్ పెడదామంటే అదో ఖర్చు. ల్యాప్‌టాప్ అయితే ఆ టెన్షన్ లేదు, రేపు హాస్టల్‌కి కూడా పట్టుకుపోతుంది.

ఇక్కడి షాపాయన 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ చాలంటున్నాడు. స్థలం తగ్గినా సరే, నాకు 512 జీబీ ఎస్ఎస్‌డీనే కావాలి, స్పీడు దాంతోనే కదా వచ్చేది. మరి ర్యామ్ 16 జీబీ నిజంగా అవసరమా? నెల్లూరు పోయి కొంటే రేటు ఏమైనా తగ్గుతుందా, లేక సర్వీసు కోసం ఇక్కడే తీసుకోవడం మేలా? కాలేజీ తెరిచేలోపు కొనాలి, వాడుతున్నవాళ్లు చెప్పండి.