అప్‌డేట్: టైమింగ్ బెల్టు ఒక్కటే మార్చి ఊరుకోలేదు

మా 2004 నాటి పెట్రోలు కారుకు టైమింగ్ బెల్టు (ఇంజనులోని షాఫ్టులను ఒకే లయలో తిప్పే పళ్ల బెల్టు) ఒక్కటే మార్చాలా, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు, ఇంజనును చల్లబరిచే కూలెంటు ద్రవాన్ని తిప్పే వాటర్ పంపు కూడా మార్చాలా అని ఇంతకుముందు అడిగినది నేనే. విడిభాగాలు శ్రీకాకుళం నుంచి తెప్పించుకుని, ఇక్కడ పర్లాకిమిడిలోనే పని పూర్తి చేయించాను.

కవరు విప్పగానే సందేహం తీరిపోయింది. బెల్టును వెనక్కి వంచి చూస్తే పళ్ల మొదళ్లలో సన్నని పగుళ్లు కనిపించాయి. టెన్షనరు బేరింగును వేలితో తిప్పితే ఇసుక నలిగినట్టు గరగరలాడింది. పంపు కింది రంధ్రం దగ్గర కూలెంటు కారి ఎండిన తెల్లని చార ఉంది. మా ఇంజనులో పంపును తిప్పేది కూడా ఈ బెల్టే కాబట్టి, రేపు పంపు పట్టేస్తే కొత్త బెల్టు కూడా పోతుంది. కామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే షాఫ్టు) సీలు దగ్గర ఆయిలు చెమరుస్తోందని మాత్రం నేను ఊహించలేదు. ఆయిలు తగిలితే రబ్బరు త్వరగా పాడవుతుంది కనుక సీళ్లు కూడా మార్పించాను.

క్రాంకు (పిస్టన్లు తిప్పే షాఫ్టు), కామ్ చక్రాల మీది గుర్తులు కలిపి బెల్టు బిగించాక, మెకానిక్ గారు స్టార్టరు జోలికి పోకుండా పానాతో క్రాంకును రెండు పూర్తి చుట్లు తిప్పారు (క్రాంకు రెండు చుట్లు తిరిగితేనే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది). కామ్ గుర్తు ఒక పన్ను పక్కకు పోయినట్టు తేలింది. ఆయన విసుక్కోకుండా విప్పి మళ్లీ బిగించారు. మొత్తం ఖర్చులో ఆ అరగంట ఓపికకే నేను ఎక్కువ విలువ కడతాను.

ఇప్పటికి బరంపురం రెండుసార్లు వెళ్లివచ్చాను. పొద్దున్నే స్టార్టు చేసేటప్పుడు వినిపించే గరగర పోయింది. తేదీ, మీటరు రీడింగు రాసిన చీటీని బానెట్ లోపల అంటించాను.