అప్‌డేట్: ఇంగ్లండ్‌లో పిల్లల స్కూల్ సీట్లు దొరికాయి

రెడింగ్‌కి మారుతున్నాం, ముందు ఇల్లు చూడాలా, స్కూలా అని అడిగాను కదా. ముందు ఇల్లే. ప్రభుత్వ స్కూళ్లలో ఫీజు లేదు, విద్యా సంవత్సరం మధ్యలో చేరడానికి మా కౌన్సిల్‌కి (అక్కడి స్థానిక ప్రభుత్వ సంస్థ) అప్లై చేశాం. అడ్రస్ రుజువుగా అద్దె అగ్రిమెంట్ అడిగారు. తరగతి వయసును బట్టే, ఆగస్టు 31 నాటికి ఎన్నేళ్లు నిండాయో చూస్తారు. హైదరాబాద్‌లో మూడో తరగతి చదివిన పాప ఇక్కడ ఇయర్ 4 (తరగతిని ఇక్కడ ఇయర్ అంటారు).

బాబు విషయంలోనే చాలా టెన్షన్ పడ్డాను. ఇయర్ 2 వరకు ఒక టీచర్‌కి 30 మందికి మించకూడదని చట్టం. అక్క స్కూల్లో ఖాళీ లేక వెయిటింగ్ లిస్ట్‌లో పెట్టారు. వేరే స్కూల్లో వచ్చిన సీటు మాత్రం వదులుకోలేదు. వదలకండి, లిస్ట్‌లో పేరు అలాగే ఉంటుంది. నిన్న అక్క స్కూల్ నుంచే ఫోన్ వచ్చింది! సోమవారం నుంచి ఇద్దరూ కలిసే వెళ్తారు. సలహా ఇచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.