అనుభావిక ఫార్ములా దగ్గరే ఆగిపోతున్న పిల్లలను అణు ఫార్ములా వరకు ఎలా తీసుకువెళ్లాలి?

ప్రశ్న: టెక్కలి ప్రాంత పి.ఎస్. మాస్టారు

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. శ్రీకాకుళం జిల్లా టెక్కలి పరిసరాల్లోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. ఇంటర్‌లో ఎం.పి.సి., బై.పి.సి. తీసుకోదలచిన పదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట ఒక గంట అదనపు తరగతి పెట్టి, అక్కడికి వెళ్లాక తడబడకుండా అనుభావిక ఫార్ములా (పరమాణువుల అతి చిన్న పూర్ణాంక నిష్పత్తి), అణు ఫార్ములా (ఒక అణువులో నిజంగా ఉన్న పరమాణువుల సంఖ్య) లెక్కలు నేర్పుతున్నాను.

ఒక పదార్థంలో కార్బన్ 40.0 శాతం, హైడ్రోజన్ 6.7 శాతం, ఆక్సిజన్ 53.3 శాతం ఉన్నాయని, అణుభారం 180 అని ఇచ్చాను. ముప్పై మందిలో కొందరు పరమాణు భారాలతో భాగించడం మరచిపోయి, శాతాలనే 6.7తో భాగించి ఆరు, ఒకటి, ఎనిమిది అని తెచ్చారు. ఎక్కువమంది 1:2:1 వరకు సరిగానే వచ్చి సీహెచ్₂ఓ అని రాసి, కింద రెండు గీతలు గీసి పుస్తకం మూసేశారు. అణుభారం ఎందుకు ఇచ్చానో వారికి పట్టలేదు. పట్టిన కొద్దిమందిలోనూ సగం మంది జవాబును ‘6 సీహెచ్₂ఓ’ అని రాశారు. అంటే ఆరు అణువులని వారి ఉద్దేశం. ఆరు రెట్లు పెద్దదైన ఒకే అణువని కాదు.

ఇవన్నీ దిద్దవచ్చు. నన్ను ఇబ్బంది పెట్టింది ఒక అమ్మాయి ప్రశ్న. “గ్లూకోజుకూ, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లానికీ, పెరుగులోని లాక్టిక్ ఆమ్లానికీ లెక్క కడితే ఒకే జవాబు వస్తోంది కదా మాస్టారూ, అలాంటప్పుడు లెక్క ఎందుకు కట్టడం?” అని అడిగింది. అణుభారాలు 180, 60, 90 అని, అవి వేరని చెప్పాను. ఆ సమాధానం ఆమెకు తృప్తి కలిగించలేదు. నిజానికి నాకూ కలిగించలేదు. ఈ పాఠాన్ని ఏ కొసనుంచి మొదలుపెడితే బాగుంటుందో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం 1: పలాస నుంచి ఒక సైన్సు టీచరు

మాస్టారూ, మా ఊళ్లో ఈ పాఠం జీడిపప్పుతోనే మొదలవుతుంది. మా తరగతిలో చాలామంది పిల్లల ఇళ్లలో ఎవరో ఒకరు పప్పు బట్టీలకు వెళ్లేవారే కాబట్టి, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 రకాలంటే ఏమిటో నాకన్నా వారికే బాగా తెలుసు. ఆ అంకె ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, గరిష్ఠంగా ఎన్ని పలుకులు తూగుతాయో చెప్పే అంకె. 240 రకంలో ఒక్కో పలుకు దాదాపు 1.9 గ్రాములు, 320 రకంలో దాదాపు 1.4 గ్రాములు ఉంటుంది. పలుకులను ఎవరూ కూర్చుని లెక్కపెట్టరు. తూచి, లెక్క తెలుసుకుంటారు. మోల్ అనే భావన, అంటే కణాలను తూచి లెక్క తెలుసుకోవడం, అంతా ఇందులోనే ఉంది.

నేను బోర్డు మీద ఇలా వేస్తాను. ఒక సంచిలో 240 రకం 190 గ్రాములు, 320 రకం 280 గ్రాములు కలిసి ఉన్నాయి. ఏ రకం ఎన్ని పలుకులు? ఒకటి వంద, రెండోది రెండువందలు అని పిల్లలు వెంటనే చెబుతారు. బరువుల నిష్పత్తి చూస్తే ఒకటికి దాదాపు ఒకటిన్నర, కానీ పలుకుల నిష్పత్తి ఒకటికి రెండు. “ఒక్కో పలుకు బరువుతో ఎందుకు భాగించారు?” అని అడిగితే వారే కారణం చెబుతారు. ఆ తరువాత శాతాన్ని పరమాణు భారంతో భాగించమంటే మరచిపోయేవారు తక్కువ, ఎందుకంటే ఆ మెట్టుకు వారి మనసులో ఒక పని ఏర్పడింది.

ఇక మీ అమ్మాయి ప్రశ్నకు. ఆ సంచిలోని పప్పు అంతా చిన్న చిన్న పొట్లాలుగా కట్టి ఉందని, అన్ని పొట్లాలూ ఒకే తీరున ఉన్నాయని అనుకోమంటాను. సంచి మొత్తం తూచితే నిష్పత్తి 1:2 అని తెలుస్తుంది. కానీ ఒక్కో పొట్లంలో 1, 2 ఉన్నాయా, 2, 4 ఉన్నాయా, 6, 12 ఉన్నాయా? సంచిని ఎన్నిసార్లు తూచినా అది తేలదు. ఒక పొట్లాన్ని విడిగా తూచాలి. ఒకటీ రెండూ ఉన్న పొట్లం 4.7 గ్రాములు తూగాలి. మన పొట్లం 28.2 గ్రాములు తూగితే అందులో 6, 12 ఉన్నట్టు. అణుభారం ఇవ్వడమంటే పొట్లం బరువు ఇవ్వడమే. ‘6 సీహెచ్₂ఓ’ అని రాసే పిల్లవాడికి ఆరు చిన్న పొట్లాలూ, ఒక పెద్ద పొట్లమూ ఒకటి కావని చేతిలో పెట్టి చూపవచ్చు. తరగతి అయ్యాక ఆ పప్పు ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు!

సమాధానం 2: విజయనగరం నుంచి ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు

పలాస టీచరు గారి ఉదాహరణ నాకు ఎంతో నచ్చింది. ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్లు ఈ పాఠం చెప్పినవాడిగా రెండు మాటలు చేర్చదలచుకున్నాను.

మొదటిది, ‘అనుభావిక’ అనే పేరు. పిల్లలు దానిని అర్థం లేని శబ్దంగా బట్టీ పడతారు. అనుభవం వల్ల, అంటే ప్రయోగంలో తూచి కొలవడం వల్ల తెలిసినది అని మొదటి రోజే చెబితే, ఆ ఫార్ములా ఎక్కడిదో, దానికి ఉన్న హద్దు ఏమిటో పేరులోనే కనిపిస్తుంది. సంఘటన శాతాన్ని, అంటే పదార్థంలో ఏ మూలకం ఎంత శాతమో, కొలవడం ఒక ప్రయోగం, అణుభారాన్ని కొలవడం పూర్తిగా వేరే ప్రయోగం. మన ప్రశ్నపత్రాలలో రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చోవడం వల్ల ఆ సంగతి మరుగున పడిపోతుంది. గ్లూకోజునే తీసుకోండి. దానిని ఆవిరి చేసి సాంద్రత కొలుద్దామంటే ఆవిరి కాకముందే మాడిపోతుంది. అందువల్ల నీటిలో కరిగించి, ఘనీభవన స్థానం ఎంత తగ్గిందో చూస్తారు; ఆ తగ్గుదల కరిగిన అణువుల సంఖ్యను బట్టి ఉంటుంది. కిలో నీటిలో 18 గ్రాముల గ్లూకోజు కరిగిస్తే తగ్గుదల దాదాపు 0.19 డిగ్రీలు ఉంటుంది. అణుభారం నిజంగా 30 అయి ఉంటే అదే 18 గ్రాములకు 1.1 డిగ్రీలు తగ్గి ఉండేది. సీహెచ్₂ఓ అక్కడితో ఎందుకు చాలదో ఈ రెండు అంకెలు చెప్పినంత బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. (ఎసిటిక్ ఆమ్లాన్ని మాత్రం ఆవిరి సాంద్రతకు ఉదాహరణగా తీసుకోకండి. ఆవిరిలో దాని అణువులు జంటలుగా కూడుకుంటాయి కాబట్టి అణుభారం 60 కన్నా ఎక్కువ వచ్చి, తెలివైన పిల్లల ముందు మనమే చిక్కుల్లో పడతాము.)

తెలియని పిల్లలే కాదు, పెద్దవారూ ఇక్కడ తడబడ్డారు. 1808లో డాల్టన్ నీటికి ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అని ఊహించి, ఆక్సిజన్ పరమాణు భారాన్ని 7గా తీసుకున్నాడు. బరువుల నిష్పత్తి ఒక్కటే చేతిలో ఉంటే పరమాణువుల లెక్క తేలదు. 1811లో అవగాడ్రో దారి చూపినా, 1860లో కార్ల్స్‌రూహే సమావేశం నాటికి కానిజ్జారో వాదన వల్లనే అది నిలదొక్కుకుంది. ఐరోపా శాస్త్రజ్ఞులకు అర్ధ శతాబ్దం పట్టిన సంగతికి మన పిల్లలకు ఒక వారం ఇస్తే తప్పులేదు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, సవరించడం. ‘దగ్గరి పూర్ణాంకానికి సవరించండి’ అని మనం అలవాటుగా అనే మాట చేసినంత చెరుపు మరేదీ చేయలేదు. ఇనుము 70 శాతం, ఆక్సిజన్ 30 శాతం ఇస్తే 1.25, 1.875 వస్తాయి, నిష్పత్తి 1:1.5. పిల్లవాడు దానిని 1:2 చేసి ఎఫ్‌ఈఓ₂ అని రాస్తాడు. రాసిన ఫార్ములా నుంచి శాతాన్ని వెనక్కి కట్టమనండి: 88లో 56, అంటే ఇనుము 63.6 శాతమే. ఇచ్చినది 70. తప్పు తనంతట తానే బయటపడుతుంది. ఉసిరిలో ఉండే విటమిన్ సి ఇంకా మంచి పరీక్ష. కార్బన్ 40.9, హైడ్రోజన్ 4.6, ఆక్సిజన్ 54.5 శాతం ఇస్తే 1:1.34:1 వస్తుంది. అందరూ 1:1:1 అంటారు. వెనక్కి కడితే కార్బన్ 41.4 వచ్చి దాదాపు సరిపోయినట్టే కనిపిస్తుంది కాబట్టి, అక్కడితో వదిలేస్తే మోసపోతాము. హైడ్రోజన్ మాత్రం 3.4 వచ్చి గుట్టు విప్పుతుంది. మూడుతో గుణిస్తే 3:4:3, ఆ భారం 88, అణుభారం 176, కనుక సి₆హెచ్₈ఓ₆. 1.98ని 2 అనడానికీ, 1.34ని 1 అనడానికీ ఉన్న తేడా కొలతలో ఎంత పొరపాటు ఉండవచ్చు అన్నదానిపై ఆధారపడుతుంది తప్ప మన సౌకర్యంపై కాదు.

సమాధానం 3: గరివిడి వైపు నుంచి ఒక ఉపాధ్యాయిని

విజయనగరం అధ్యాపకులు గారు చెప్పిన సవరింపు సంగతికి మా ప్రాంతపు ఉదాహరణ ఒకటి: మాంగనీసు. గనుల పక్కన పెరిగిన పిల్లలకు ఆ నల్ల రాయి కొత్త కాదు. మాంగనీసు 72, ఆక్సిజన్ 28 శాతం ఉన్న ఆక్సైడుకు 1:1.34 వస్తుంది, అంటే మూడింటికి నాలుగు. దానిని 1:1 చేసినవారికి వెనక్కి కడితే మాంగనీసు 77.5 శాతం వస్తుంది.

అయితే పొట్లం ఉపమానం దగ్గర ఒక జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం. దానిని విన్న పిల్లలు ప్రతి పదార్థమూ పొట్లాలుగానే ఉంటుందని అనుకుంటారు. మీ నౌపడ ఉప్పునే చూడండి. సోడియం 39.3, క్లోరిన్ 60.7 శాతం, నిష్పత్తి 1:1. అక్కడితో అయిపోయింది, ఎందుకంటే ఉప్పు స్ఫటికంలో విడి అణువు అనేదే లేదు. పైన చెప్పిన ఇనుము, మాంగనీసు ఆక్సైడులూ అంతే. వాటి విషయంలో అణు ఫార్ములా అడగడమే పొరపాటు. మరోవైపు బుడితి ఇత్తడి చెంబు ఉంది. రాగి, జింకు శాతాలు తెలిస్తే దానికీ ఒక నిష్పత్తి కట్టవచ్చు. కానీ కరిగించేటప్పుడు పాళ్లు మారిస్తే అది మారిపోతుంది, అయినా ఇత్తడి ఇత్తడే. కనుక దానికి ఫార్ములా లేదు. గ్లూకోజు, ఉప్పు, ఇత్తడి, ఈ మూడింటినీ ఒకేరోజు బల్ల మీద పెట్టి, ఎవరికి ఏ ఫార్ములా ఉందో అడిగితే చర్చ బాగా సాగుతుంది.

అన్నిటికన్నా ముందు ఒక్కసారైనా పిల్లల చేత తూయించండి. మెగ్నీషియం కాల్చే ప్రయోగంలో తెల్లని పొగ తప్పించుకుని లెక్క చెడుతుంది. దానికన్నా మైలుతుత్తం (నీరు పట్టి ఉన్న కాపర్ సల్ఫేట్) సులువు; వేడికి పోయిన నీటి బరువు నుంచి ఒక కాపర్ సల్ఫేట్‌కు ఎన్ని నీటి అణువులో కట్టవచ్చు. నగల దుకాణాల్లో వాడే, 0.01 గ్రాము వరకు చూపే చిన్న కాటా చాలు. 2.50 గ్రాముల నీలి స్ఫటికాలను పింగాణీ మూసలో వేసి, సన్నని మంట మీద పూర్తిగా తెల్లబడేవరకు వేడి చేసి, చల్లారాక తూయాలి. మంట పెంచితే పదార్థమే విడిపోయి నల్లబడుతుంది. ఇనుప రేకు మీద వేడి చేయవద్దు, మైలుతుత్తం ఇనుముతో చర్య జరుపుతుంది. అది విషపదార్థం కాబట్టి చేతులు కడిగించడం మరవకండి.

ప్రశ్న అడిగినవారి నుంచి: టెక్కలి ప్రాంత పి.ఎస్. మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. జీడిపప్పు పాఠం చెప్పాను. తరువాతి పరీక్షలో ‘6 సీహెచ్₂ఓ’ అని రాసినవారు ఇద్దరే. మైలుతుత్తం కూడా చేశాము, దాని సంగతి కొంచెం చెప్పాలి.

ఒక జట్టుకు మొదటిసారి తూచినప్పుడు 1.67 గ్రాములు వచ్చింది. అంటే పోయిన నీరు 0.83 గ్రాములు, నిష్పత్తి ఒక కాపర్ సల్ఫేట్‌కు 4.4 నీటి అణువులు. పుస్తకంలో అయిదు అని ఉందని ఆ జట్టు నాయకుడు చల్లగా 5 అని రాసేశాడు. మునుపైతే నేనే సరి అని గుర్తు పెట్టేవాడిని. ఈసారి వెనక్కి పంపి మళ్లీ వేడి చేయమన్నాను. 1.61 వచ్చింది. మూడోసారీ 1.61 వచ్చింది, ఇక దిగలేదు. ఇప్పుడు నిష్పత్తి 4.9. అప్పుడు నన్ను మొదట ప్రశ్న అడిగిన అమ్మాయే, కాటా 0.01 గ్రాము తేడా చూపితే జవాబు ఎంత మారుతుందో కట్టి చూసింది. 1.60 అనుకుంటే 5.0 వస్తోంది. “అయితే 4.9ని అయిదు అనవచ్చు మాస్టారూ, 4.4ని అనకూడదు” అంది.

ఆ జట్టు నోటుపుస్తకంలో మొదట రాసిన 5ను కొట్టివేయించి, 4.4, 4.9, 4.9 అని మూడు అంకెలూ రాయించి సంతకం పెట్టాను. వచ్చే వారం ఉప్పూ, ఇత్తడి చెంబూ తీసుకువెళుతున్నాను. చెంబు మా అమ్మగారిది. వేడి చేయనని మాట ఇచ్చి తెచ్చుకోవలసి వచ్చింది.