మారథాన్ పరుగెత్తి పసిపిల్లల వార్డుకు చందాలు అడగడం: మేలా, హంగామానా?

పరుగుపిచ్చోడు:
ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్ పరుగెడుతున్నాను. పీపుల్స్ ప్లాజా దగ్గర తెల్లవారకముందే మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే 42.195 కిలోమీటర్లు. మధ్యలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగడం, పైగా ఆగస్టు ఉక్కపోత. ఈసారి ఉత్తినే పరుగెత్తకుండా మా జిల్లా ప్రభుత్వాసుపత్రిలో నవజాత శిశువుల వార్డుకి, అదే ఎస్‌ఎన్‌సీయూకి, పసిబిడ్డని వెచ్చగా ఉంచే మిషన్, అంటే ఒక రేడియంట్ వార్మర్, కొనిద్దామని చందాలు మొదలుపెట్టాను. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ఒకాయన "నీ పరుగుకీ పసిపిల్లలకీ ఏం సంబంధం? ఇవ్వాలనుంటే నీ జేబులోంచి ఇవ్వు" అన్నాడు. కొందరు వెంటనే డబ్బులు పంపారు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
ఆయన అన్నదాంట్లో తప్పేముంది బాబూ? నీ షూస్, నీ రిజిస్ట్రేషన్ ఫీజు, ఆ జెల్ ప్యాకెట్లు, వాచీ కలిపితే ఎంతవుతుందో నువ్వే లెక్క వేసుకో. ఫీజు పోయేది టీషర్టుకీ మెడల్‌కీ రోడ్డు ఏర్పాట్లకీ, పిల్లలకి కాదు.

అసలు అభ్యంతరం అది కాదనుకో. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం అమల్లో ఉంది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, భోజనం, ఇంటి నుంచి రానూపోనూ బండి, జబ్బుపడ్డ పసిబిడ్డకు వైద్యం, అన్నీ ఉచితం. దానికి మనం పన్ను కట్టాం. మళ్ళీ మనమే పరుగెత్తి మిషన్లు కొనిస్తుంటే, కొనాల్సినవాళ్ళు "దాతలు ఉన్నారుగా" అని చేతులు ముడుచుకుని కూర్చుంటారు. ఇవాళ వార్మర్, రేపు ఆక్సిజన్, ఎల్లుండి డాక్టరు జీతమా?

లండన్ తెలుగోడు:
మాస్టారూ, ఇక్కడ వైద్యం చాలావరకు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, అయినా ఆసుపత్రుల కోసం జనం పరుగెడుతూనే ఉన్నారు. లండన్ మారథాన్ 1981లో మొదలైంది. 2024లో ఆ ఒక్క రోజు పరుగు మీద 7 కోట్ల 35 లక్షల పౌండ్లు పోగయ్యాయి. లాటరీలో సీటు రాకపోతే చారిటీ కోటాలో తీసుకోవచ్చు, కానీ సుమారు 2,000 పౌండ్లు తెచ్చిస్తామని ఒప్పుకోవాలి. మావాళ్ళు ఆఫీసుల్లో సమోసాలు అమ్మి ఆ లెక్క పూర్తిచేస్తారు.

సంబంధం ఏంటంటే, ఊరికే "డబ్బులివ్వండి" అంటే ఎవరూ ఇవ్వరు. నెలల తరబడి పొద్దున్నే లేచి పరుగెడుతున్నవాడు అడిగితే కాదనడానికి మొహమాటపడతారు. మొహమాటంతో వచ్చినా డబ్బు డబ్బే కదా.

లెక్కల మాస్టారు:
అదే నాకు నచ్చనిది. ఆఫీసులో బాస్ అడిగితే కింద పనిచేసేవాడు ఇష్టముండి ఇస్తాడా?

నైట్‌డ్యూటీ అక్క:
నేను ఎస్‌ఎన్‌సీయూలో స్టాఫ్‌నర్సుని, ఊరు చెప్పను. తమ్ముడూ, నీ మనసు మంచిది. కానీ వార్మర్ మాత్రం వద్దు.

మా దగ్గర ఒక వార్మర్ మూలన పడుంది. హీటర్ పనిచేస్తుంది, లైటు వెలుగుతుంది. బిడ్డ పొట్ట మీద అంటించే స్కిన్ ప్రోబ్ పోయింది. అది లేకపోతే బిడ్డ ఒళ్ళు ఎంత వేడెక్కిందో మిషన్‌కి తెలియదు, మాన్యువల్‌లో పెట్టి మేమే కాపలా కాయాలి. ఇచ్చింది ఎవరో దాతలు. ఆ రోజు రిబ్బన్ కట్ చేసి ఫొటోలు దిగారు, స్టాక్ రిజిస్టర్‌లో మాత్రం ఎవరూ ఎక్కించలేదు. రిజిస్టర్‌లో లేని మిషన్‌ని రిపేరు కాంట్రాక్టువాళ్ళు ముట్టుకోరు. ఇప్పుడు దాని మీద కేస్‌షీట్లు పెట్టుకుంటున్నాం.

ముగ్గురు నలుగురు పిల్లలకి ఒక నర్సు ఉండాలని రూల్. రాత్రిపూట అలా ఉంటే మాకు పండగే. ఇంకో మిషన్ వస్తే ఇంకో బిడ్డని పడుకోబెడతారు, చూసే చేతులు మాత్రం అవే. ఆక్సిజన్ సంగతీ అంతే. నెలలు నిండని బిడ్డకి ఎక్కువైతే కళ్ళు దెబ్బతింటాయి. పల్స్ ఆక్సీమీటర్‌లో అంకె చూసి తగ్గించాల్సింది మనిషే.

కొనిద్దామంటే తల్లులకి కుర్చీలు కొనివ్వు. తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అదే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, లెక్క. కుట్లు ఆరకుండానే తల్లి ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని బిడ్డని గుండెకి ఆనించుకోవాలి. వీపుకి ఆనిక ఉండదు. కాసేపటికే "అక్కా, నడుం లాగేస్తోంది" అని బిడ్డని మళ్ళీ నా చేతికిచ్చేస్తుంది. ఇలా బిడ్డని ఒంటికి ఆనించుకోవడాన్నే కంగారూ పద్ధతి అంటారు, రోజుకి 8 గంటలకి తగ్గకుండా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్టూల్ మీద ఎవరు కూర్చోగలరు, నువ్వు చెప్పు.

ఇది డబ్బుల్లేక చేసే పని అని కొందరు చిన్నచూపు చూస్తారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలకే మొదలుపెట్టిన మాట నిజమే. కానీ మన దేశంతో కలిపి అయిదు దేశాల్లో చేసిన పరిశోధన 2021లో వచ్చింది. 1.8 కిలోల లోపు బిడ్డల్ని పుట్టగానే తల్లి ఒంటికి ఆనిస్తే, ముందు వార్మర్‌లో ఉంచి నిలకడపడ్డాక ఇవ్వడం కంటే నెలలోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయి. వెనక్కి వాలే కుర్చీ, బిడ్డని కట్టుకునే గుడ్డ. దీనికి ప్రోబూ లేదు, కరెంటూ లేదు.

మన్యం కుర్రోడు:
కుర్చీ దాకా రావాలి కదా అక్కా ముందు. మా వైపు కొండ మీంచి ఇంకా డోలీలో మోసుకొస్తున్నారు. సాలూరులో గర్భిణుల వసతి గృహం పెట్టాక నెలలు నిండే ముందే కిందకి దించి అక్కడ ఉంచుతున్నారు. పరుగెత్తిన డబ్బు అలాంటి చోట దుప్పట్లకో, తోడొచ్చినవాళ్ళ తిండికో ఇస్తే ఎక్కువ పనికొస్తుంది. హైదరాబాద్‌లో పరుగెత్తేవాళ్ళకి హైదరాబాద్ చుట్టుపక్కలే కనిపిస్తుంది మరి.

సీఏ చదువుతున్నా:
ఒక జాగ్రత్త. నీ సొంత యూపీఐకి డబ్బులు తీసుకోకు అన్నా. రేపు ఎవరైనా అడిగితే నీ ఖాతాలో పడ్డది నీ డబ్బు కాదని నిరూపించుకోవడం తలనొప్పి. 80జీ, అంటే విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు, ఉన్న ట్రస్టు ద్వారా తీసుకో. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే మినహాయింపు, అదీ 2,000 దాటిన నగదుకి రాదు. అమెరికా పౌరసత్వం ఉన్న బంధువులు ఇస్తే అది విదేశీ విరాళం కింద లెక్క, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని సంస్థ తీసుకోకూడదు. ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఉన్న ఎన్‌ఆర్‌ఐకి ఆ గొడవ లేదు.

పాతబస్తీ వాసి:
ప్రభుత్వం, దాతలు అని గీత గీస్తున్నారు గానీ, మన హైదరాబాద్‌లో పిల్లల ఆసుపత్రి నీలోఫర్ ఎలా వచ్చింది మాస్టారూ? నిజాం కోడలు రాకుమారి నీలోఫర్ పరిచారిక కాన్పులో చనిపోయింది. ఇంకొకరికి ఇలా జరగకూడదని ఆమె పట్టుబట్టడం వల్లే 1953లో ఆసుపత్రి తెరిచారు.

లెక్కల మాస్టారు:
కథ నాకూ తెలుసు. కట్టించడానికి రాకుమారి పూనుకుంది, సరే. అప్పట్నుంచి రోజూ నడుపుతున్నదెవరు? ప్రభుత్వ బడ్జెట్. నర్సమ్మ చెప్పింది కూడా నా వాదనే. ఆమెకి తక్కువైంది మనుషులు. నువ్వు 42 కాదు, 420 కిలోమీటర్లు పరుగెత్తినా ఒక స్టాఫ్‌నర్సు పోస్టు మంజూరు కాదు.

నైట్‌డ్యూటీ అక్క:
పోస్టులు మంజూరయ్యేదాకా తల్లిని స్టూల్ మీదే కూర్చోమంటారా సార్?

పరుగుపిచ్చోడు:
అక్కా, వార్మర్ మానేశాను. సూపరింటెండెంట్ గారిని కలిసి కుర్చీల గురించి అడిగాను. హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ పేరుతో లెటర్ ఇస్తే స్టాక్‌లో ఎక్కిస్తామన్నారు. డబ్బులిచ్చినవాళ్ళందరికీ మెసేజ్ పెట్టాను, వద్దనుకుంటే వెనక్కిస్తానని. ఇద్దరు అడిగారు, ఇచ్చేశాను. "కుర్చీలకా?" అని ఒకరు పెదవి విరిచారు, వార్మర్ అయితే పేరు రాసిన ప్లేటు ఉంటుందట.

మన్యం తమ్ముడూ, నీ మాటతో నాకు తగువు లేదు, కానీ నేను వెళ్ళి చూసి రాగలిగింది మా జిల్లా ఆసుపత్రినే. తెలియని చోటికి డబ్బు పంపి ఫొటోలు చూసి తృప్తిపడటం ఇష్టం లేదు.

మన్యం కుర్రోడు:
అందరూ అదే అంటారు అన్నా. అందుకే మా వైపు ఎవరూ రారు.

లెక్కల మాస్టారు:
నా అభిప్రాయం మారలేదు. నీ జిల్లా పేరు మెసేజ్‌లో పెట్టు. ఆ ఆసుపత్రిలో మంజూరైన నర్సు పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని సమాచార హక్కు దరఖాస్తు వేస్తాను. జవాబు తెచ్చి ఇక్కడే పెడతా. కుర్చీలకి కొటేషన్ కూడా పెట్టు, రేటు సరిగ్గా ఉంటే ఒకటి నేనే కొంటా. పరుగు కోసం కాదు.

నైట్‌డ్యూటీ అక్క:
కొటేషన్ అడిగేటప్పుడు గుడ్డ కవరు వద్దని చెప్పు తమ్ముడూ, రెక్సిన్‌దే కావాలి. షిఫ్టుకోసారి మందు నీళ్ళతో తుడుస్తాం. ఎత్తు కూడా చూసుకో, కుట్లున్న ఆమె ఎవరి సాయం లేకుండా లేవగలగాలి.