అప్‌డేట్: మెడ పట్టేస్తే షియాట్సులో చెయ్యి ఎందుకు నొక్కారు?

మెడ పట్టేసిందని టోక్యోలో షియాట్సుకి (వేళ్లతో ఒళ్లు నొక్కే జపాన్ చికిత్స) వెళ్తే, ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ నొక్కారు, ఎందుకని ఇక్కడ అడిగాను కదా. ఈసారి ఆ నొక్కినాయన్నే అడిగేశా. చైనా వైద్యం లెక్కలో పెద్దపేగు నాడి (అంటే ప్రాణశక్తి పారే దారి) చూపుడువేలి కొసన మొదలై మోచేయి, భుజం, మెడ మీదుగా ముక్కు పక్కకి చేరుతుందట. ఆ దారిలో ప్రాణశక్తి తగ్గినచోటు ‘క్యో’, నిండి బిగుసుకున్నచోటు ‘జిట్సు’. క్యో దగ్గర బొటనవేలు ఆనించి నిదానంగా ఒంటి బరువు వేస్తారు.

తమాషా ఏంటంటే, 1940లో టోక్యోలో షియాట్సు బడి పెట్టిన నమికోషి ఈ నాడుల జోలికి పోలేదు, శరీర నిర్మాణ శాస్త్రమే పట్టుకున్నారు. నాడులకి పెద్దపీట వేసింది మసునాగా అనే మరో షియాట్సు గురువు. కోసి చూస్తే కనపడని నాడుల మీద నాకింకా గురి కుదర్లేదు. మెడ మాత్రం కాస్త తిరుగుతోంది. అన్నట్టు, గర్భిణులకి ఆ వేళ్ల మధ్య చోటు నొక్కరట.