బెజవాడ ఎండల్లో గేమింగ్ పీసీ: సైడ్ ప్యానెల్ తీసెయ్యాలా, మూసే ఉంచాలా?

పటమట_ప్లేయర్
మే నెల, గదిలో 37 డిగ్రీలు, ఏసీ లేదు. క్యాబినెట్ ముందు భాగమంతా అద్దం. ఫ్యాన్లు ముందు మూడు, వెనక ఒకటి, అన్నీ 120 ఎంఎం. గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) ఆర్‌టీఎక్స్ 3060, ప్రాసెసర్ రైజెన్ 5600ఎక్స్. అరగంట గేమ్ ఆడితే జీపీయూ 84 డిగ్రీలు, ప్రాసెసర్ 86. సైడ్ ప్యానెల్ తీసి టేబుల్ ఫ్యాన్ తిప్పితే రెండూ 75 లోపే. మరి ప్యానెల్ మూయడం దేనికండీ? తీసి ఉంచితే నిజంగా నష్టముందా, లేక క్యాబినెట్లు అమ్ముకోవడానికి చెప్పే మాటా?

బ్రాడీపేట_బాబాయ్
నష్టం లేదు, గిష్టం లేదు. టేబుల్ ఫ్యాన్ రెక్కలు 400 ఎంఎం. దాని ముందు మీ నాలుగు 120లు ఏ మూలకి? ఎండాకాలమంతా తీసే ఉంచండి, వానలు పడ్డాక మూసుకోండి. దుమ్మంటారా, వారానికోసారి బ్లోయర్ కొడితే సరి.

గాలిమర
బాబాయ్ గారూ, ఎంత గాలి కావాలో ముందు లెక్క చూద్దాం. 3060 కార్డు 170 వాట్లు, 5600ఎక్స్ మహా అయితే 76, మిగతావన్నీ కలుపుకుని మొత్తం 280 అనుకుందాం. వాట్లని 1.76తో హెచ్చించి, లోపలి గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే ఫర్వాలేదో దాంతో భాగిస్తే సీఎఫ్ఎం వస్తుంది, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలో. 10 డిగ్రీలకి 49. అంతే. డబ్బా మీద 50, 60 అని రాసి ఉండే ఒక్క ఫ్యాన్ మాట అది. అడ్డేమీ లేనప్పుడు సుమా. ఫిల్టరూ అద్దమూ అడ్డొస్తే సగం కూడా రాదు, అందుకే మూడు పెడతారు.

కాబట్టి మీ దగ్గర ఫ్యాన్లు తక్కువై కాదు, గాలి లోపలికి రాక వేడి. ప్యానెల్ తీయడం పరీక్షకి పనికొస్తుంది, వైద్యానికి కాదు. ఇలా చూడండి: అదే గేమ్, అదే సీను, 20 నిమిషాలు. మొదట అన్నీ మూసి. తర్వాత ప్యానెల్ తీసి, టేబుల్ ఫ్యాన్ లేకుండా. తేడా రెండు మూడు డిగ్రీలే అయితే క్యాబినెట్ తప్పు లేనట్టే. ఏడు దాటితే ముందు భాగం ఊపిరాడనివ్వట్లేదు. మూడోసారి ప్యానెల్ మూసి, ముందు అద్దం మాత్రం ఊడదీసి చూడండి. అంకెలు దిగితే దొంగ దొరికాడు.

ఇంకోటి, 84 చూసి కంగారు పడకండి. ఆ కార్డు హద్దు 93, ఆ ప్రాసెసర్ హద్దు 95. గది 30కి దిగితే ఇవీ అటూఇటూగా ఏడు డిగ్రీలు దిగుతాయి.

మంగళగిరి_మోడర్
అసలు లోపలికి తోయడం కాదు, బయటికి లాగాలి. వేడిగాలి పైకే కదా పోయేది. పైన రెండు ఎగ్జాస్ట్ (గాలి బయటికి లాగే) ఫ్యాన్లు పెట్టండి, పని అయిపోతుంది.

గాలిమర
వేడిగాలి దానంతటది పైకి పోయే వేగం ఫ్యాన్ ముందు లెక్కలోకి రాదు. పైన ముందువైపు ఎగ్జాస్ట్ పెడితే, ముందు ఫ్యాన్ తెచ్చిన చల్లగాలి ప్రాసెసర్ కూలర్ దాకా పోకముందే పైనుంచి జారిపోతుంది. పెట్టాలనుకుంటే పైన వెనకవైపు ఒక్కటి చాలు.

లాగే ఫ్యాన్లు ఎక్కువైతే ఇంకో తిప్పలు: ఫిల్టర్ లేని ప్రతి సందులోంచీ గాలి దూరుతుంది, దుమ్ముతో సహా. అగరబత్తి వెలిగించి వెనక జీపీయూ స్లాట్ల సందు దగ్గర పట్టుకోండి. పొగ బయటికి తన్నేస్తే సరే. లోపలికి పీల్చుకుంటే దుమ్మూ అదే దారిన పోతోంది. ఫ్యాన్ ఏ వైపు ఊదుతుందో తెలియకపోతే, మోటార్‌ని పట్టుకున్న ప్లాస్టిక్ కాళ్లు కనిపించే వైపే గాలి బయటికొస్తుంది. తిరగేసి బిగించినవాళ్లు తక్కువేం లేరు.

బ్రాడీపేట_బాబాయ్
లెక్క ఒప్పుకున్నా. కానీ అద్దం అడ్డమని కొత్త మెష్ క్యాబినెట్ కొనమంటారా?

అరండల్‌పేట_అక్క
అక్కర్లేదు బాబాయ్. అద్దం తీసేసి కిటికీలకి కొట్టే దోమల మెష్ ఫ్రేమ్ కొలతకి కత్తిరించి, అంచుల వెంట టేపు వేయండి. సన్న దుమ్ముని ఆపదు, వెంట్రుకలూ నూలుపోగులూ ఆపుతుంది, గాలికి పెద్ద అడ్డు కాదు. అద్దమే కావాలంటే 15 ఎంఎం స్పేసర్లు (ఎడం కోసం పెట్టే చిన్న ముక్కలు) వేసి ముందుకి జరిపి బిగించండి.

ప్యానెల్ తీసి ఉంచడంలో ఎవరూ చెప్పని నష్టం ఒకటుంది: బల్లులు. వెచ్చగా ఉందని దూరి, బోర్డు మీదో పవర్ సప్లైలోనో షార్టవుతాయి.

బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి. వదిలేస్తే గాలికి హద్దు మీరిన వేగంతో తిరిగి బేరింగు పోతుంది.

మంగళగిరి_మోడర్
ఎయిర్ కూలర్ ముందు పెడితేనో? గాలి చల్లగా వస్తుందిగా.

అరండల్‌పేట_అక్క
వద్దే వద్దు. తడిగాలితో పాటు సన్నటి తుంపర కూడా వస్తుంది, బోరునీళ్లయితే ఉప్పుతో సహా. వేడి లాగే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము బురదలా అతుక్కుని గట్టిపడితే బ్లోయర్‌కి కూడా రాదు.

గాలిమర
ఆఖరుది, పైసా ఖర్చు లేనిది. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్ 80 శాతానికి దించండి. 170 వాట్ల కార్డు 136కి వస్తుంది. ఎఫ్‌పీఎస్ (సెకనుకి కనిపించే ఫ్రేములు) కాస్తే తగ్గుతుంది, 34 వాట్ల వేడి పుట్టనే పుట్టదు. క్యాబినెట్‌లో ఎన్ని ఫ్యాన్లు పెట్టినా వేడంతా పడేది గదిలోకే, కిటికీ మూసుకుని ఆడితే అదే గాలి మళ్లీ లోపలికి. కంప్యూటర్ టేబుల్ అరలో కుక్కి పెట్టినా ఇదే వరస.

పటమట_ప్లేయర్
గదిలో అదే 37. అద్దం తీసి, ప్యానెల్ మూసి, టేబుల్ ఫ్యాన్ లేకుండా: జీపీయూ 77, ప్రాసెసర్ 79. పవర్ లిమిట్ ఇంకా ముట్టుకోలేదు. అగరబత్తి పొగ బయటికే పోతోంది. దోమల మెష్ రేపు.

బ్రాడీపేట_బాబాయ్
టేబుల్ ఫ్యాన్‌తో 75 లోపే వచ్చింది, మర్చిపోకండి. నాది ఇంకా రెండు డిగ్రీలు ముందే ఉంది.

అరండల్‌పేట_అక్క
ఆ రెండు డిగ్రీలూ కంప్యూటర్‌కెందుకు బాబాయ్, 37లో కూర్చుని ఆడే కుర్రాడి వైపు తిప్పండి ఆ ఫ్యాను.